గాజు తలుపుకు అవతల

(పాఠ్యభాగ పరిచయం: ఇది వ్యాస ప్రక్రియకు చెందిన పాఠం. కరోనా కాలంలో ఆసుపత్రుల తీవ్ర చికిత్సా విభాగాలలో పనిచేసిన వైద్యులు, నర్సులు, ఇతర సిబ్బంది అనుభవించిన ఆందోళనను, దాని కారణాలను ఇది వివరిస్తుంది.)

2020 ఏప్రిల్ నెలాఖరున కేంద్ర ప్రభుత్వం దేశంలోని జిల్లాలన్నింటినీ మూడు మండలాలుగా విభజించి ఒక జాబితాను వెలువరించింది. కరోనా బాగా వ్యాపించిన జిల్లాలకు ఎరుపు రంగు, కొంత తక్కువగా ఉన్నవాటికి నారింజ రంగు, వ్యాధి జాడ లేని జిల్లాలకు ఆకుపచ్చ రంగు ఇచ్చారు. తమిళనాడు మొత్తంమీద ఆ జాబితాలో ఆకుపచ్చ రంగు దక్కిన జిల్లా ఒక్కటే. అది కృష్ణగిరి.

జిల్లా ప్రజలకు ఇది గర్వకారణమే. కాని ఆసుపత్రిలో పనిచేసేవారు ఆ రంగును చూసి నిశ్చింతగా ఉండగలరా? చెన్నై, బెంగుళూరు నగరాలను కలిపే జాతీయ రహదారి ఈ జిల్లా నడిబొడ్డున సాగుతుంది. హోసూరు దాటి అత్తిబెలె చేరితే కర్ణాటక వచ్చేస్తుంది. హోసూరు నుంచి బెంగుళూరు నగరం సుమారు 40 కిలోమీటర్లు. పరిశ్రమలలో పనికి, పూలు, కూరగాయల అమ్మకానికి, చదువుకు, వైద్యానికి నిత్యం వేలాదిమంది ఆ సరిహద్దు దాటుతుంటారు. చుట్టూ నిప్పంటుకున్నప్పుడు నడుమనున్న పాక ఎంతసేపు నిలుస్తుంది? మే నెల మొదటి వారంలోనే జిల్లాలో వ్యాధిగ్రస్తులు బయటపడ్డారు. ఆకుపచ్చ రంగు చెరిగిపోయింది.

ఆ ఎదురుచూపు రోజులను గుర్తుంచుకోవడం అవసరం. రోగి ఇంకా రాలేదు. కాని వస్తాడని తెలుసు. ఎప్పుడు వస్తాడో, ఎందరు వస్తారో, ఉన్న పడకలు చాలునో చాలవో తెలియదు. ఆందోళన అనేది ఇక్కడే మొదలవుతుంది. భయానికీ ఆందోళనకూ ఒక తేడా ఉంది. దారిలో పాము కనబడితే కలిగేది భయం. పాము కదిలిపోగానే అదీ తగ్గుతుంది. పొదలో పాము ఉన్నదని విని, ఆ పొద పక్కనుంచే రోజూ చీకట్లో నడవవలసి వచ్చినప్పుడు కలిగేది ఆందోళన. పాము కనబడదు కాబట్టి అది ఏ రాత్రికీ తీరదు. గుండె వేగంగా కొట్టుకోవడం, అరచేతులు చెమర్చడం, కడుపులో తిప్పడం, నిద్ర పట్టకపోవడం, చిన్న మాటకే చిరాకు పడడం దీని లక్షణాలు. అపాయాన్ని ఎదుర్కోవడానికి శరీరం అడ్రినలిన్, కార్టిసాల్ అనే రసాయనాలను రక్తంలోకి విడుదల చేస్తుంది. కొద్దిసేపు అవి మేలే చేస్తాయి. వారాల తరబడి ఆ స్థితి కొనసాగితే దేహమూ మనసూ రెండూ అలసిపోతాయి.

తీవ్ర చికిత్సా విభాగాన్ని జనవాడుకలో ఐ.సి.యు. అంటారు. విచిత్రమేమంటే, ఈ విభాగం పుట్టినదే ఒక అంటువ్యాధి కాలంలో. 1952లో డెన్మార్కు రాజధాని కోపెన్‌హాగెన్‌లో పోలియో విజృంభించింది. బ్లెగ్‌డామ్ ఆసుపత్రికి వచ్చిన పిల్లలలో ఎందరికో ఊపిరితిత్తులను ఆడించే కండరాలు చచ్చుబడిపోయాయి. అక్కడ కృత్రిమ శ్వాస యంత్రాలు బహు కొద్ది. మత్తుమందు వైద్యుడైన బ్యోర్న్ ఇబ్సెన్ ఆగస్టు 27న పన్నెండేళ్ల బాలికకు గొంతు దగ్గర చిన్న రంధ్రం చేయించి, గొట్టం అమర్చి, దానికి రబ్బరు సంచి తగిలించి, ఆ సంచిని చేతితో నొక్కుతూ ఊపిరి అందించాడు. బాలిక బతికింది. ఇక ప్రతి రోగికీ అలా సంచిని నొక్కేవారు కావాలి కదా! సుమారు 1500 మంది వైద్య విద్యార్థులు వంతులవారీగా వచ్చి, గంటల తరబడి, పగలూ రాత్రీ మంచాల పక్కన కూర్చుని నొక్కారు. పదిమందిలో ఎనిమిది తొమ్మిదిమంది చనిపోతున్న స్థితి మారి, మరణాలు సుమారు నాలుగో వంతుకు తగ్గాయి. మరుసటి ఏడాది, 1953లో, ఇబ్సెన్ అటువంటి రోగులకోసం ప్రత్యేకంగా ఒక విభాగాన్ని నెలకొల్పాడు.

ఇరవై, ఇరవై రెండేళ్ల విద్యార్థి ఒకడు అర్ధరాత్రి అలా కూర్చున్నాడనుకోండి. చేయి ఆగితే ఎదుటివారి ఊపిరి ఆగుతుంది. ఆ చేతికి ఎంత బరువు! ఐ.సి.యు. పుట్టిననాడే దానితోపాటు ఈ ఆందోళనా పుట్టిందనవచ్చు.

ఆ తరువాత యంత్రాలు వచ్చాయి. సంచిని నొక్కే పనిని వెంటిలేటరు చేస్తుంది. నాడి, రక్తపోటు, రక్తంలోని ఆక్సిజన్ శాతం తెరమీద అంకెలుగా కనబడతాయి. హద్దు దాటితే గంట మోగుతుంది. కాని మనిషి పని తగ్గలేదు. వెంటిలేటరు మీద ఉన్న రోగికి సాధారణంగా ఒక నర్సు ఉండాలంటారు. గొట్టంలో చేరే కఫాన్ని తీయాలి, మందుల మోతాదు గంటగంటకూ సరిచూడాలి, పుండ్లు పడకుండా ఒళ్లు తిప్పుతుండాలి. కరోనాలో ఊపిరితిత్తులు బాగా దెబ్బతిన్న రోగిని చాలా గంటలపాటు బోర్లా పడుకోబెట్టేవారు. మత్తులో ఉన్న పెద్దమనిషిని, గొట్టాలూ తీగలూ ఊడకుండా, బోర్లా తిప్పాలంటే నలుగురైదుగురు ఒక్కసారిగా చేయి వేయాలి. ఒకరు తల దగ్గర నిలిచి గొట్టాన్ని పట్టుకుని లెక్క పెడతారు. ఆ గొట్టం జారిందా, ఇక క్షణాల వ్యవహారమే.

ఇదంతా రక్షణ దుస్తులలో చేయాలి. ముక్కుకు ఎన్-95 మాస్కు, కళ్లకు అద్దాలు, ముఖానికి తెర, చేతులకు రెండు జతల తొడుగులు, ఒళ్లంతా కప్పే అంగీ. ఒకసారి తొడిగితే వంతు ముగిసేదాకా నీరు తాగడానికి లేదు, మరుగుదొడ్డికి పోవడానికీ లేదు. మధ్యలో విప్పితే మరో జత కావాలి. తొలి నెలలలో ఆ జతలకే కరువు. మే నెల ఎండలో ఆ దుస్తులలో ఆరు గంటలు నిలబడినవారికి చెమటతో కంటి అద్దాలు మసకబారేవి. ఎవరు ఎవరో గుర్తుపట్టలేక అంగీ మీద, ఛాతీ భాగాన, పేరు రాసుకునేవారు. రోగికి కనబడేది ఆ పేరు, రెండు కళ్లు, అంతే.

ఈ పరిస్థితిలో వైద్య సిబ్బందికి దేనిని గురించి ఆందోళన కలిగింది? చావును గురించి అని సులభంగా చెప్పేస్తారు చాలామంది. అడిగి తెలుసుకున్నవారు వేరే జవాబు చెప్పారు. అమెరికాలో టైట్ షానఫెల్ట్ అనే వైద్యుడు, ఆయన సహచరులు కలిసి, మహమ్మారి మొదలైన తొలి వారంలోనే 69 మంది వైద్యులను, నర్సులను, శిక్షణలో ఉన్నవారిని ఎనిమిది బృందాలుగా కూర్చోబెట్టి వారి మాటలు విన్నారు. ఆ వివరాలు 2020 ఏప్రిల్‌లో ప్రచురితమయ్యాయి. సిబ్బంది చెప్పుకున్న కారణాలు ఇవి: తగిన రక్షణ దుస్తులు దొరుకుతాయా? ఇంటికి ఈ రోగాన్ని మోసుకుపోతానా? జ్వరం వస్తే వెంటనే పరీక్ష చేస్తారా? నేను పడకెక్కితే నా సంస్థ నన్నూ నా కుటుంబాన్నీ చూసుకుంటుందా? బడులు మూసేశారు, పిల్లలను ఎవరు చూస్తారు? పని గంటలు పెరిగితే తిండి, బస, రాకపోకల సంగతేమిటి? అలవాటు లేని వార్డుకు పంపితే సరిగా చేయగలనా? రోజుకొక ఉత్తర్వు వస్తోంది, సరైన సమాచారం ఎవరు చెబుతారు?

ఎనిమిది కారణాలు. వాటిలో ఒక్కటైనా పిరికితనానికి సంబంధించినది కాదు. ప్రతిదానికీ ఎక్కడో ఒకచోట, ఎవరో ఒకరు చేయగల ఏర్పాటు ఉంది. మాస్కు తెప్పించవచ్చు. పరీక్ష చేయించవచ్చు. పిల్లలకు సంరక్షణ చూపవచ్చు. అలవాటు లేని పనిని నేర్పవచ్చు. ఆ సిబ్బంది కోరినవీ అవే. తమ మాట వినాలని, తమను కాపాడాలని, సిద్ధం చేయాలని, ఆసరాగా నిలవాలని, జబ్బుపడితే ఆదరించాలని వారు కోరారు. కోరికలలో మొదటిది మాట వినడం కావడం గమనించదగినది.

అలవాటు లేని పని గురించి ఒక మాట చెప్పాలి. ఐ.సి.యు. నర్సులు ఒక్కరోజులో తయారు కారు. రోగులు ముంచెత్తినప్పుడు ప్రసూతి వార్డునుంచి, కంటి వార్డునుంచి, శస్త్రచికిత్సల గదినుంచి నర్సులను ఐ.సి.యు.కు మార్చారు. ప్రపంచమంతటా జరిగినదిదే. నిన్నటిదాకా పసిబిడ్డలను ఎత్తుకున్న చేతులు ఇవాళ వెంటిలేటరు మీటలు తిప్పాలి. తన పనిలో ఎంతో నేర్పరి అయిన మనిషి ఉన్నట్టుండి కొత్త విద్యార్థి అయిపోతుంది. తప్పు చేస్తే నష్టపోయేది ఎదుటి మనిషి ప్రాణం. అనుభవజ్ఞురాలైన నర్సుకు రెట్టింపు భారం. తన రోగిని చూసుకోవాలి, పక్కనున్న కొత్తవారి చేతులనూ కనిపెట్టి ఉండాలి.

2021లో రెండవ తరంగం వచ్చింది. అప్పటికి టీకాలు వచ్చాయి. ఆ ఏడాది జనవరి 16న దేశంలో టీకాలు వేయడం ప్రారంభించి, మొదట ఆరోగ్య సిబ్బందికే వేశారు. ఇంటికి రోగాన్ని మోసుకుపోతామన్న దిగులు కొంత తగ్గింది. దాని స్థానంలో ఆక్సిజన్ దిగులు వచ్చి కూర్చుంది. మే మొదటి వారంలో దేశంలో ఒక్కరోజులో నాలుగు లక్షలకు మించి కొత్త రోగులు నమోదయ్యారు. మొదటి తరంగంలో రోజుకు సుమారు 3,000 టన్నులు పలికిన వైద్య ఆక్సిజన్ అవసరం ఇప్పుడు 9,000 టన్నుల దరిదాపులకు చేరింది. బెంగుళూరు దేశంలో తీవ్రంగా దెబ్బతిన్న నగరాలలో ఒకటి. అక్కడ పడకలు నిండితే ఆ ఒత్తిడి హోసూరును తాకకుండా ఎలా ఉంటుంది?

ఇక్కడ ఒక చిన్న లెక్క చేసి చూడవచ్చు. ఆసుపత్రులలో వాడే పెద్ద సిలిండరులో సుమారు 7,000 లీటర్ల ఆక్సిజన్ ఉంటుంది. తీవ్ర స్థితిలో ఉన్న రోగికి ముక్కు ద్వారా ధారాళంగా ఆక్సిజన్ అందించే యంత్రం నిమిషానికి 60 లీటర్ల వరకు తీసుకుంటుంది. ఏడు వేలను అరవైతో భాగిస్తే రెండు గంటలు కూడా రాదు. ఒక్క రోగికే ఇంత. అటువంటివారు వార్డులో పదిమంది ఉంటే? పెద్ద ఆసుపత్రులలో ద్రవ ఆక్సిజన్ తొట్టి ఉంటుంది. ఒక లీటరు ద్రవం సుమారు 860 లీటర్ల వాయువు అవుతుంది కాబట్టి అది మేలు. కాని ఆ తొట్టిని నింపే ట్యాంకరు ఎక్కడినుంచో రోడ్డుమీద రావాలి. నర్సు ఒక కన్ను రోగి మీద, ఒక కన్ను గోడమీది ఒత్తిడి ముల్లు మీద ఉంచి రాత్రి గడపాలి. ఆ ముల్లును కదిలించే శక్తి ఆమె చేతిలో లేదు. చేయగలిగినది చేస్తున్నప్పుడు మనసు కుదుటపడుతుంది. చేయడానికేమీ లేక చూస్తూ ఉండవలసినప్పుడే ఆందోళన కొండంతవుతుంది.

2021 మే 10 రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో జరిగినది తెలుగువారెవరూ మరువలేనిది. ట్యాంకరు రావడం ఆలస్యమై ఆక్సిజన్ ఒత్తిడి తగ్గింది. ఆ కొద్ది నిమిషాలలో ఐ.సి.యు.లోని 11 మంది రోగులు మరణించారని అధికారులు ప్రకటించారు. ఆ వార్త మరునాడు పత్రికలలో వచ్చినప్పుడు, ఆక్సిజన్ మీద నడుస్తున్న ఏ వార్డులోనైనా సిబ్బంది కళ్లు ముందుగా ఎటు తిరిగి ఉంటాయో ఊహించడం కష్టం కాదు.

తాను సరైనదని నమ్మినది చేయలేకపోవడం మనిషిని మరో విధంగానూ గాయపరుస్తుంది. పడక ఒక్కటే ఉంది, తలుపు దగ్గర ఇద్దరున్నారు. లేదా, చివరి ఘడియలలో ఉన్న వృద్ధురాలి చేయి పట్టుకోవడానికి కూతురిని లోపలికి రానివ్వడానికి నియమం ఒప్పుకోదు. నియమాన్ని పాటించడం తప్పు కాదు. అయినా పాటించిన మనిషికి మనస్సాక్షి ఊరుకోదు. దీనిని మనస్తత్వవేత్తలు నైతిక గాయం అంటారు. ఇది నిద్రపోతే తగ్గే అలసట కాదు.

ఒక నర్సును ఊహించుకుందాం. ఆమె డెంకణికోట దగ్గరి పల్లెలో పుట్టింది. ఇంటిలో తెలుగు, వీధిలో కన్నడం, కళాశాలలో తమిళం. హోసూరులో ఏదో ఒక ఆసుపత్రి ఐ.సి.యు.లో పని. హోసూరు ప్రాంతపు వార్డులలో తమిళం, తెలుగు, కన్నడం, ఉర్దూ నాలుగూ వినిపిస్తాయి. పరిశ్రమలకు ఉత్తరాదినుంచి వచ్చిన కార్మికుల హిందీ వీటికి తోడు. ఒక రాత్రి శూళగిరి వైపునుంచి వచ్చిన ముసలాయన ముఖానికి బిగించిన మాస్కును పదే పదే లాగేస్తున్నాడు. డాక్టరు తమిళంలో చెప్పినది ఆయనకు పట్టలేదు. ఆమె వంగి, చెవి దగ్గర, "తాతా, ఇది తీసేస్తే ఊపిరి ఆడదు. రవ్వంత ఓర్చుకో. నేనిక్కడే ఉంటాను" అంటుంది. ఆయన చేయి నిలుస్తుంది. "మనవాళ్లా అమ్మణ్ణీ నువ్వు?" అని అడుగుతాడు.

ఆ క్షణాన ఆమెకు కలిగే తృప్తి నిజమైనదే. కాని మరో సంగతి కూడా ఉంది. ఆ వార్డులో తెలుగు బాగా వచ్చిన నర్సు ఆమె ఒక్కతే అనుకుందాం. అప్పుడు ప్రతి తెలుగు రోగి బంధువులకు ఫోను చేసేది ఆమే. సమ్మతి అడిగేది ఆమే. ప్లాస్టిక్ సంచిలో చుట్టిన ఫోనును రోగి ముఖం ముందు పట్టుకుని ఇంటివారిని చూపించేదీ ఆమే. చివరికి, "ప్రయత్నం చేశాం" అనే మాట చెప్పవలసినదీ ఆమే. నాలుగు భాషల జిల్లాలో భాష తెలిసినవారికి ఈ అదనపు పని పడుతుంది. అది ఏ పని పట్టికలోనూ రాసి ఉండదు.

వంతు ముగిసి బయటికి వస్తే ఏం ఎదురయింది? 2020 మార్చి 22 సాయంత్రం దేశమంతా చప్పట్లు కొట్టి, పళ్లేలు మోగించి వైద్య సిబ్బందిని అభినందించింది. అదే రోజులలో పలుచోట్ల ఇంటి యజమానులు నర్సులను, డాక్టర్లను ఇల్లు ఖాళీ చేయమన్నారు. ఏప్రిల్‌లో నెల్లూరుకు చెందిన ఒక వైద్యుడు కరోనాతో చెన్నైలో కన్నుమూస్తే, అంబత్తూరులో ఆయన దహనానికి చుట్టుపక్కలవారు అడ్డుచెప్పారు. అదే నెల 22న కేంద్ర ప్రభుత్వం అంటువ్యాధుల చట్టాన్ని సవరిస్తూ అత్యవసర ఉత్తర్వు తెచ్చింది. ఆరోగ్య సిబ్బంది మీద దాడి చేసినవారికి మూడు నెలలనుంచి ఐదేళ్ల వరకు, తీవ్రంగా గాయపరిస్తే ఏడేళ్ల వరకు శిక్ష విధించవచ్చునని అందులో ఉంది. చికిత్స చేసేవారిని కాపాడడానికి చట్టం కావలసి రావడం ఆలోచించవలసిన విషయం.

ఇంటికి చేరినా విశ్రాంతి లేదు. చాలామంది నేరుగా స్నానాల గదికి పోయి, బట్టలు వేడినీటిలో వేసి, వేరే గదిలో పడుకునేవారు. తల్లి గొంతు విని పరుగెత్తుకొచ్చిన బిడ్డను "రావద్దు" అని ఆపడం ఎంత చిన్న మాట! దానిని నెలల తరబడి రోజూ పలకడం మాత్రం చిన్న పని కాదు.

ఈ ఆందోళనను కొలవడానికి పరిశోధకులు ప్రశ్నావళులను వాడతారు. 2006లో రూపొందిన ఒక ప్రశ్నావళిలో ఏడు ప్రశ్నలుంటాయి. గత రెండు వారాలలో కంగారు, అదుపులేని చింత, కుదురుగా కూర్చోలేకపోవడం, ఏదో ముప్పు రాబోతున్నదన్న దిగులు వంటివి ఎన్ని రోజులు బాధించాయని అడుగుతారు. ప్రతిదానికీ సున్న నుంచి మూడు మార్కులు. మొత్తం 21. పది గాని అంతకు మించి గాని వస్తే వైద్యుని సంప్రదించడం మంచిదని అర్థం. ఇటువంటి ప్రశ్నావళులతో చైనాలో 2020 ఆరంభంలో 34 ఆసుపత్రులలోని 1,257 మంది సిబ్బందిని పరిశీలిస్తే, నూటికి 44 మందికి పైగా ఆందోళన లక్షణాలు, 34 మందికి నిద్రలేమి కనబడ్డాయి. నర్సులలో, స్త్రీలలో, రోగులకు నేరుగా సేవ చేసేవారిలో బాధ ఎక్కువ.

ఇంగ్లాండులో జరిగిన మరో పరిశీలన ఇంకా ఆలోచింపజేస్తుంది. అక్కడ తొమ్మిది ఐ.సి.యు.లలోని 709 మందిని ప్రశ్నించారు. నూటికి 45 మందిలో తీవ్రమైన ఆందోళన, కుంగుబాటు, భయానక జ్ఞాపకాలు వెంటాడడం, మద్యపానం ఈ నాలుగింటిలో కనీసం ఒకటి హద్దు దాటి ఉన్నట్టు తేలింది. ప్రశ్నించిన కాలం 2020 జూన్, జూలై నెలలు. అంటే మొదటి తరంగం వెనుకకు తగ్గిన తరువాత. వార్డు ఖాళీ అయినంత వేగంగా మనసు ఖాళీ కాదు. అయితే ప్రశ్నావళిలో మార్కులు ఎక్కువ వచ్చినవారందరూ రోగులని అనుకోరాదు. నిర్ధారణ చేయవలసినది వైద్యుడే. అలాగే మార్కులు తక్కువ వచ్చినవారు సుఖంగా ఉన్నారనీ కాదు. బాధను దాచుకునేవారు ప్రశ్నాపత్రం ముందు కూడా దాచుకుంటారు.

దాచుకోవడానికి ఒక కారణం మనమే కల్పించాం. వైద్య సిబ్బందిని యోధులన్నాం, దేవతలన్నాం. మాట మంచిదే. కాని దేవతకు భయమేస్తున్నదని చెప్పుకునే అవకాశం ఎక్కడుంది? యోధుడు సెలవు అడగవచ్చునా? చప్పట్లు కొట్టినవారు రెండు వంతుల మధ్య గంటసేపు కూర్చోవడానికి ఒక గది, వేడి టీ, దగ్గరలో బస అడిగి ఇప్పించి ఉంటే ఇంకా మేలు జరిగేది. బ్రిటన్‌లో విమానాలు నిలిచిపోయి పని లేకుండా ఉన్న విమాన సిబ్బంది 2020లో ఆసుపత్రులలోనే విశ్రాంతి గదులు ఏర్పరచి, విమానంలో ప్రయాణికులకు చేసినట్టే నర్సులకు టీ ఫలహారాలు అందించారు. వారు ఉపన్యాసాలివ్వలేదు. కూర్చోబెట్టారు, మాట్లాడితే విన్నారు.

2020 జనవరి నుంచి 2021 మే వరకు ప్రపంచంలో సుమారు 1,15,000 మంది ఆరోగ్య సిబ్బంది కరోనా వల్ల మరణించి ఉండవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. 2020వ సంవత్సరాన్ని నర్సుల, మంత్రసానుల సంవత్సరంగా ఆ సంస్థే ముందుగా ప్రకటించి ఉంది. ఫ్లోరెన్స్ నైటింగేల్ పుట్టి అప్పటికి రెండు వందల ఏళ్లు.

2022 జనవరి 12న కృష్ణగిరిలో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమయింది. తమిళనాడులో ఆనాడు ప్రారంభించిన పదకొండు కళాశాలలలో అదొకటి. అదే ఏడాది అక్టోబరులో దేశమంతటా టెలిమానస్ అనే మానసిక ఆరోగ్య ఫోను సేవ మొదలయింది. తమిళనాడులో దీనిని నట్పుడన్ ఉంగళోడు, అనగా 'స్నేహంతో మీతో', అనే పేరుతో నడుపుతున్నారు. సంఖ్య 14416. రాత్రీ పగలూ ఎవరైనా పిలవవచ్చు. రోగి పిలవవచ్చు, రోగి తరఫువారు పిలవవచ్చు, వంతు ముగించుకుని వచ్చి నిద్రపట్టని నర్సు కూడా పిలవవచ్చు. ఈ సేవ ఇరవై భాషలలో ఉంది. తెలుగు వాటిలో ఒకటి.

అభ్యాసము

1. భయానికీ ఆందోళనకూ గల తేడాను పాఠంలోని ఉదాహరణ కాక మీ సొంత ఉదాహరణతో వివరించండి.

2. నిమిషానికి 40 లీటర్ల చొప్పున వాడితే 7,000 లీటర్ల సిలిండరు ఎంతసేపు వస్తుంది? సిలిండరును మార్చడానికి పది నిమిషాలు పడుతుందనుకుంటే, నర్సు ఎప్పుడు మేలుకొని ఉండాలి?

3. సిబ్బంది చెప్పుకున్న ఎనిమిది కారణాలలో మీ ఊరివారు తీర్చగలిగినవి ఏవి? ఎందుకు?

4. 'ఊపిరి', 'చేయి', 'కన్ను' అనే పదాలతో మీ ఇంట్లో వాడే జాతీయాలను పెద్దలను అడిగి రాయండి.

5. మీ ప్రాంతపు ఆసుపత్రిలో 2021 మే నెలలో పనిచేసిన ఒకరిని వారి అనుమతితో కలుసుకొని, ఆనాటి ఒక రాత్రి ఎలా గడిచిందో చెప్పమని అడగండి. మధ్యలో ప్రశ్నలు వేయక, చెప్పినంత విని, ఇంటికి వచ్చి ఇరవై వాక్యాలలో రాయండి. వారి పేరు రాయవద్దు.